భీమవరం నీట్ కౌన్సెలింగ్ కన్సల్టెన్సీ: కాగితాలకి అయిదు, జోస్యానికి ఒకటి

నీట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) రాసిన పిల్లలకి సీట్ల కౌన్సెలింగ్‌లో డబ్బు తీసుకుని సాయం చేసే ఆఫీసు మీద రివ్యూ ఇది. ముందు రేటు చెప్పేస్తాను, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు కనపడినా మొదట అడిగేది అదే కాబట్టి. ఆంధ్రా కౌన్సెలింగ్ ఒక్కటే అయితే పన్నెండు వేలు. దాంతో పాటు ఆలిండియా కోటా (దేశమంతటి పిల్లలూ పోటీపడే సీట్లు), డీమ్డ్ యూనివర్సిటీలు (సొంతంగా డిగ్రీలిచ్చే సంస్థలు), పక్క రాష్ట్రాలు అన్నీ కలిపితే ఇరవై ఎనిమిది వేలు. జీఎస్టీ దానిమీద పద్దెనిమిది శాతం. మేము పన్నెండు వేలది తీసుకున్నాం, మొత్తం 14,160 అయింది. చిన్నదే ఎందుకు తీసుకున్నామో కింద వస్తుంది.

ఆఫీసు పేరు రాయడం లేదండి. భీమవరం నుంచి రాజమండ్రి దాకా, అటు ఏలూరు, ఇటు కాకినాడ దాకా ఇలాంటివి బోలెడు. బోర్డు మీద పేరు మారుతుంది గానీ లోపల నడిచే పని ఇంచుమించు ఒకటేనని తోటి తల్లిదండ్రులతో మాట్లాడాక అర్థమైంది. కాబట్టి ఈ రకం సర్వీసు మొత్తం మీద రివ్యూ అనుకుని చదవండి.

నాకు వీరవాసరం దగ్గర రొయ్యల మేతా మందులూ అమ్మే కొట్టుంది. మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ చదివి, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని 2025లో నీట్ రాసింది. 720కి నాలుగొందల అరవై దాటాయి. ఆలిండియా ర్యాంకు లక్ష చిల్లర. మాది బీసీ-బీ. మొదటి పదివేలలో ర్యాంకున్న పిల్లల తల్లిదండ్రులకి ఈ ఆఫీసులతో పనిలేదు, ఏడెనిమిది లక్షల ర్యాంకు వచ్చినవాళ్ళకి ఈ ఆఫీసులు చేయగలిగిందీ లేదు. మధ్యలో, వస్తుందో రాదో తేలని మాలాంటి వాళ్ళే వీళ్ళకి గిరాకీ. జూన్ 14న ఫలితాలు వచ్చాయో లేదో, ఫోన్లు మొదలయ్యాయి. మా నంబరు వీళ్ళకి ఎవరిచ్చారన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆఫీసు చూడ్డానికి బాగుంటుంది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, గోడ నిండా తెల్లకోటు వేసుకున్న పిల్లల ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో "మా ద్వారా సీటు పొందిన విద్యార్థులు" అని. మా ఆవిడ అది చదివి, "వీళ్ళ ద్వారా ఏంటండీ, వాళ్ళ ర్యాంకు ద్వారా కదా" అంది. నిజానికి సగం రివ్యూ అక్కడే అయిపోయింది. కూర్చోగానే మజ్జిగ ఇచ్చారు, అల్లం, కరివేపాకు దంచి వేసి. చాలా బాగుంది. ఆ మజ్జిగకి వంక పెట్టను.

లోపల టై కట్టుకున్న కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, కంప్యూటర్ ముందు కూర్చుని "అంకుల్, పాప మార్కులు చెప్పండి" అన్నాడు. ర్యాంకు అడగలేదు. మార్కులు కొట్టాడు, కేటగిరీ కొట్టాడు, ప్రింటరు లోంచి రెండు కాగితాలు వచ్చాయి. కాలేజీ పేరు, పక్కన ఎంత శాతం ఛాన్సో. కాకినాడ రంగరాయకి 1, విజయవాడ సిద్ధార్థకి 1, రాజమండ్రి, ఏలూరు గవర్నమెంటు కాలేజీలకి 2, ఇంక ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లు (తక్కువ ఫీజుకి వచ్చే గవర్నమెంటు కోటా సీట్లు) కూడా అన్నీ పదిలోపే. కాగితం అడుగున పాలకొల్లు, అమలాపురం గవర్నమెంటు కాలేజీలు కూడా "త్వరలో" అని వేసి ఉన్నాయి. 2025 కౌన్సెలింగ్‌లో ఆ రెండుచోట్లా ఒక్క సీటు లేదు, అవి ఆ కాగితంలో ఎందుకున్నాయో అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో అలా వస్తుంది అంకుల్" అన్నాడు.

"కన్వీనర్‌లో కష్టం అంకుల్. బీ కేటగిరీకి ప్లాన్ చేసుకోండి, లేదంటే జార్జియా ఉంది" అన్నాడు. బీ కేటగిరీ అంటే పెద్ద ఫీజుల మేనేజ్‌మెంటు కోటా, జార్జియా అంటే ఆ దేశం వెళ్ళి డాక్టరు చదవడం. మా అమ్మాయి మొహం మాడిపోయింది.

నేను మేత అమ్ముకునేవాణ్ణే గానీ లెక్కలకి కొత్తవాణ్ణి కాదు. చెరువులో ఓ మూల విసురు వల వేసి, పడ్డ రొయ్యల్ని తూచి, కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) చూసి, ఎన్ని టన్నులు వస్తుందో చెప్పే రైతులు రోజూ మా కొట్టు ముందే కూర్చుంటారు. వాళ్ళయినా సీడు ఎన్ని లక్షలు వేశారు, మేత ఎంత లాగుతోంది, మధ్యలో ఎంత పోయింది అని అడిగాకే నోరు విప్పుతారు. నిరుటి పంటకి వచ్చిన లెక్క తెచ్చి ఈ పంటకి చెప్పేవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఇక్కడ చూశాను. ఈ శాతాలు ఎలా వచ్చాయి బాబూ అంటే, "లాస్ట్ ఇయర్ డేటా అంకుల్" అన్నాడు.

అప్పటికి నిరుడు అంటే 2024. ఆ ఏడాది నీట్ సంగతి దేశమంతా ఎరుగుదురు. మొదట ప్రకటించినప్పుడు 720కి 720 వచ్చినవాళ్ళే 67 మంది, సవరించాక 17 మంది. 650 తెచ్చుకున్న పిల్లవాడికి కూడా ముప్ఫై వేల దగ్గర ర్యాంకు. 2025కి వచ్చేసరికి పేపరు పద్ధతే మారింది. అంతకుముందు 200 ప్రశ్నల్లో 180 రాస్తే చాలు, సమయం మూడుగంటల ఇరవై నిమిషాలు. 2025లో 180కి 180 రాయాల్సిందే, మూడు గంటల్లో. ఫిజిక్సు ఎంత కఠినంగా వచ్చిందంటే దేశం మొత్తమ్మీద మొదటి ర్యాంకుకే 686. ఆరొందలు దాటినవాళ్ళు పదిహేను వందల మంది లోపు. జనరల్ వాళ్ళకి అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది. మా అమ్మాయికి వచ్చిన మార్కులకి 2024లో అయితే రెండున్నర లక్షలు దాటిన ర్యాంకు, 2025లో లక్ష చిల్లర. కుర్రాడి సాఫ్ట్‌వేరు 2025 మార్కుల్ని తీసుకెళ్ళి 2024 మార్కుల వరసలో నిలబెట్టింది. ఇక శాతాలు ఎక్కడినుంచి వస్తాయి?

"మార్కులు పక్కన పెట్టి ర్యాంకు కొట్టి చూడు బాబూ" అన్నాను. అందులో ర్యాంకు కొట్టే చోటు లేదన్నాడు. కాసేపటికి లోపలినుంచి పెద్దాయన వచ్చారు, ఆయనే యజమాని అనుకుంటా, తన లాప్‌టాప్‌లో ర్యాంకు వేసి చూశారు. ఇందాక 9 శాతం ఉన్న కాలేజీ 64 శాతం అయింది. పిల్ల అదే, మధ్యాహ్నం అదే, మధ్యలో జరిగింది ఇంకో గ్లాసు మజ్జిగ. "మా వాడు కొత్తవాడు సార్" అన్నారు ఆయన. కొత్తవాడు అయితే కావచ్చు గానీ, ఆ రెండు కాగితాలు పట్టుకుని మాకంటే ముందు బయటికి వెళ్ళిన వాళ్ళ సంగతేంటో నాకు ఇప్పటికీ మనసులో ఉంది. అందులో ఎంతమంది ఆ సాయంత్రమే పొలం బేరానికి పెట్టారో.

ఈ జోస్యం మనమే చూసుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రతి ఏడూ ఫేజుల (విడతల) వారీగా ఏ కాలేజీలో ఏ ర్యాంకుకి ఏ కేటగిరీలో సీటిచ్చిందో జాబితాలు పెడుతుంది. మధ్యలో కొన్నాళ్ళు వైఎస్సార్ పేరుతో ఉంది కాబట్టి పాతవి వెతికేవాళ్ళు ఆ పేరుతో కూడా చూడండి. రాత్రి కొట్టు కట్టేశాక నేనూ మా అమ్మాయీ ఆ జాబితాలు ముందేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ పక్కన లాంగ్ నోట్‌బుక్కులో గళ్ళు గీసి రాసేది. చూడాల్సినవి నాలుగు: ర్యాంకు, కేటగిరీ, ఆడపిల్లా మగపిల్లాడా, ఏయూనా ఎస్వీయూనా.

ఈ చివరిది చాలామందికి తెలియదు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత జిల్లాలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటినుంచి ఎనభై అయిదు శాతం సీట్లు ఆ పరిధి లోకల్ పిల్లలకే. అంటే కర్నూలు మెడికల్ కాలేజీలో ఎస్వీయూ లోకల్ అమ్మాయికి ఏ ర్యాంకుకి సీటొచ్చిందో చూసి మన భీమవరం అమ్మాయి సంబరపడినా లాభం లేదు, దిగులుపడినా అర్థం లేదు. మాకు ఇచ్చిన మొదటి కాగితంలో రెండూ కలిపేసి ఉన్నాయి.

మా మేనల్లుడు ఇంటర్ నెల్లూరులో చదివాడు. వాడి సంగతి కూడా అడిగితే కుర్రాడు "నెల్లూరులో చదివితే ఎస్వీయూ లోకల్ అయిపోతాడు అంకుల్" అని తేల్చేశాడు. అలా కాదు. వరసగా చివరి నాలుగేళ్ళు ఒకే పరిధిలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్ళ చదువు చూస్తారు, ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడ లోకల్. మావాడు ఆరు నుంచి పది దాకా భీమవరంలోనే, కాబట్టి ఏయూ. ఈ ముక్క సరిగ్గా చెప్పింది అదే ఆఫీసులో కాగితాలు చూసే అమ్మాయి. ఆవిడ గురించి తర్వాత రాస్తాను, ఈ రివ్యూలో మంచి మాటలన్నీ ఆవిడకే.

జాబితా చూసేటప్పుడు మొదటి ఫేజు చూసి ఊరుకోకండి. చివరి ఫేజుదాకా చూడాలి. పైర్యాంకుల వాళ్ళు ఆలిండియా కోటాలో సీటొచ్చి వెళ్ళిపోతారు, కొందరు మంచి కాలేజీకి స్లైడ్ అవుతారు, ఖాళీలు కిందికి దిగుతూ వస్తాయి. దానికి తోడు 2001 నాటి 550 జీవో ఒకటుంది. మెరిట్ మీద ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న రిజర్వేషన్ విద్యార్థి తన కోటాలో ఇంకా మంచి కాలేజీకి మారితే, వదిలిన సీటు ఆ కోటా పిల్లలకే వెళ్ళాలన్నది దాని సారం. దీనివల్ల కూడా మొదటి ఫేజులో కనపడిన చివరి ర్యాంకుకీ మూడో ఫేజులో కనపడిన చివరి ర్యాంకుకీ వేల తేడా ఉంటుంది. శాతాల కాగితంలో ఇవేవీ లేవు.

సీట్ల లెక్క కూడా పైపైన చూస్తే బోల్తా పడతాం. రంగరాయలో 250 సీట్లు. 1958 నాటి కాలేజీ, రెండు గోదావరి జిల్లాల్లో డాక్టరు కావాలనుకున్న ప్రతివాడికీ మొదటి కోరిక అదే. అందులో పదిహేను శాతం ఆలిండియా కోటాకి పోతే మిగిలినవన్నీ కన్వీనర్ సీట్లే. రాజమండ్రి, ఏలూరులో 2023లో మొదలైన కొత్త కాలేజీల సంగతి అలా కాదు. బోర్డు మీద గవర్నమెంటు అనే ఉంటుంది, సీట్లు 150. పదిహేను శాతం ఆలిండియాకి పోగా మిగిలినదాంట్లో సగమే మామూలు ఫీజు సీట్లు, అంటే అరవై నాలుగు దాకా. మిగతావి ఏడాదికి పన్నెండు లక్షల బీ సీట్లు, ఇరవై లక్షల ఎన్నారై సీట్లు. ఆ ఏడాది వచ్చిన జీవోల్లో రాసి ఉన్నదే. అందులోనే బీసీలకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆర్థికంగా వెనుకబడినవాళ్ళకి, ఆడపిల్లలకి వాటాలు. ఒక్కో గడిలోకి వచ్చేసరికి సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అంత చిన్న గడిలో ఒక్క అమ్మాయి చేరకపోయినా చివరి ర్యాంకు ఎక్కడికో వెళ్ళిపోతుంది. అలాంటిచోట 64 శాతం, 71 శాతం అని చెప్పడానికి ధైర్యం ఉండాలి.

ప్రైవేటు కాలేజీల్లో సగం కన్వీనర్, ముప్ఫై అయిదు శాతం బీ కేటగిరీ, పదిహేను శాతం ఎన్నారై. కన్వీనర్ సీటుకి ఏడాది ట్యూషన్ ఫీజు ఇరవై వేల లోపు. అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చునే బీ కేటగిరీ పిల్లకి పన్నెండు లక్షల పైన. కోర్సు మొత్తానికి అరవై లక్షల మాట. ఆ రెండు అంకెల మధ్య దూరమే ఈ ఆఫీసులన్నిటికీ పెట్టుబడి.

ఇప్పుడు ఆ పెద్దాయన అమ్మాలని చూసినవి.

మొదటిది ఇరవై ఎనిమిది వేల ప్యాకేజీ. లక్ష దాటిన ర్యాంకుకి ఆలిండియా కోటాలో బీసీలకి కూడా ఏమీ లేదు, ఏ ఏడాది జాబితా తీసినా అంతే. డీమ్డ్ యూనివర్సిటీలు వస్తాయి గానీ ఏడాదికి ఇరవై లక్షలు దాటే ఫీజులు. పైగా వాటికి రిజిస్టర్ కావాలంటే ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీకి రెండు లక్షలు డిపాజిట్, అయిదు వేలు తిరిగిరాని ఫీజు కట్టాలి. "సేఫ్టీకి పెట్టుకుందాం సార్, డిపాజిట్ వెనక్కి వస్తుంది" అన్నారు. రెండో రౌండులో సీటొచ్చి చేరకపోతే ఆ డిపాజిట్ పోతుందన్న మాట మాత్రం నేను అడిగితేనే బయటికొచ్చింది. చేరలేని సీటుకి ఆప్షను ఎందుకు పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు. అందుకే చిన్న ప్యాకేజీ.

రెండోది, "కన్వీనర్‌లో తప్పితే మేనేజ్‌మెంటులో మేము మాట్లాడతాం సార్, మాకు కాలేజీలు తెలుసు" అన్నది. మాట్లాడడానికి ఏమీ లేదండి. బీ కేటగిరీకి కూడా యూనివర్సిటీయే వేరే నోటిఫికేషన్ ఇచ్చి, నీట్ ర్యాంకు వరసలో ఆన్‌లైన్లో సీట్లు కేటాయిస్తుంది. పాతరోజుల్లో ఛైర్మన్ గారింటికి బాదంపాలు తాగడానికి వెళ్ళినట్టు ఇప్పుడు వెళ్ళినా ర్యాంకు మారదు. ఈ మాట మీద ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

మూడోది జార్జియా. కరపత్రం చాలా అందంగా ఉంది, మంచుకొండల బొమ్మలతో. మొత్తం ఖర్చు పాతిక, ముప్ఫై లక్షలు అన్నారు. మా అమ్మాయే ఎదురు ప్రశ్నలు వేసింది, నేను నోరు మెదపలేదు. 2021 నాటి నిబంధనల ప్రకారం కోర్సు యాభై నాలుగు నెలలకి తగ్గకూడదు, ఇంగ్లీషు మీడియమే ఉండాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఇక్కడికొచ్చాక విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష రాసి మూడొందలకి నూట యాభై తెచ్చుకోవాలి. మీరు చెప్పే కాలేజీలో ఇవన్నీ ఉన్నాయా, మీ ద్వారా వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఆ పరీక్ష గట్టెక్కారు అని అడిగింది. మొదటిదానికి ఉన్నాయన్నారు, రెండోదానికి "వివరాలు మెయిల్ చేస్తాం అమ్మా" అన్నారు. మెయిల్ రాలేదు. విదేశం వెళ్ళినవాళ్ళలో మంచి డాక్టర్లు లేరని కాదు, మా ఊళ్ళోనే ఒకాయన ఉన్నాడు, చెయ్యి మంచిది. కన్వీనర్ సీటు అందే దూరంలో ఉన్న పిల్లకి తప్పు శాతం చూపించి అటు తిప్పబోయారు చూడండి, నా ఒక్క స్టారు అందుకు.

ఇంక మంచి సంగతి. కాగితాలు చూసే ఆవిడ.

హాలు చివర చిన్న గది, ఏసీ కూడా సరిగ్గా అందదు. ఆవిడ అక్కడ ఫైళ్ళ మధ్య కూర్చుని ఉంటుంది. పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులధ్రువీకరణ, ఆధార్, నీట్ ర్యాంకు కార్డు, అన్నీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది. మా అమ్మాయి ఆరు, ఏడు తరగతులు చదివిన కాన్వెంటు కరోనా టైములో మూతపడింది. ఆ రెండేళ్ళ స్టడీ సర్టిఫికెట్టు మా దగ్గర లేదు, అప్పటిదాకా ఉందనే అనుకున్నాం, ఎందుకంటే ఎనిమిది నుంచి పది దాకా ఇచ్చిన కాగితం మీద తేదీలు కలిసిపోయి కనపడతాయి. ఆవిడ ఒక్క చూపులో పట్టేసింది. "మూతపడ్డ స్కూలు రికార్డులు మండల విద్యాశాఖ ఆఫీసులో ఉంటాయండి, ఈ వారంలోనే వెళ్ళండి, నోటిఫికేషన్ వచ్చాక అక్కడ జాతర" అంది. అలాగే దొరికింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మెమోలో పొడి అక్షరం ఉంటే ఎక్కడ అడుగుతారు, ఎక్కడ అడగరు అన్నదీ ఆవిడే చెప్పింది.

అదే గదిలో మా పక్కన నరసాపురం నుంచి వచ్చిన కుర్రాడు, మంచి ర్యాంకు, ఆలిండియా కోటాకి వెళ్ళేవాడు. తాసీల్దారు ఇచ్చిన బీసీ సర్టిఫికెట్టు తెచ్చాడు. "ఇది రాష్ట్రానికి పనికొస్తుంది తమ్ముడూ, ఢిల్లీ కౌన్సెలింగ్‌కి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్టు కేంద్రం నమూనాలో వేరే కావాలి" అని వెనక్కి పంపింది. వాడి నాన్న అప్పటికప్పుడు బండి తిప్పాడు. ఆ ఒక్క మాట విలువ ఆ కుర్రాడికి పన్నెండు వేలకంటే చాలా ఎక్కువ. ఆవిడకి అక్కడ ఎంత జీతం ఇస్తున్నారో గానీ ముందు హాల్లో కూర్చోబెట్టాల్సింది ఆవిణ్ణి.

వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కావాల్సిన కాలేజీలని ఆన్‌లైన్లో వరసగా పెట్టేచోట, మళ్ళీ గొడవ. వాళ్ళు తయారుచేసి పంపిన వరసలో "ష్యూర్‌గా వచ్చే" కాలేజీలు పైన, మాకు నచ్చినవి కింద ఉన్నాయి. పైన పెద్ద కాలేజీలు పెడితే ఛాన్సు వృథా అవుతుందన్నారు. ఇది పూర్తిగా తప్పు. కంప్యూటరు ర్యాంకు వరసలో ఒక్కో విద్యార్థి దగ్గరికి వచ్చి, ఆ పిల్ల పెట్టిన ఆప్షన్లని పైనుంచి చూసుకుంటూ పోయి, సీటు ఉన్న మొదటిచోట ఇచ్చేస్తుంది. రంగరాయ మొదట పెట్టామని మనమీద కోపం రాదు. అక్కడ లేకపోతే రెండోది చూస్తుంది. అదే మనకి అంతగా ఇష్టంలేని కాలేజీ పైన పెడితే, కింద పెట్టిన ఇష్టమైన కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా అక్కడిదాకా రానే రాదు. వరస అంతా మార్చి మా అమ్మాయి ఇష్టప్రకారం పెట్టుకుంది. వాళ్ళ వరస ప్రకారం పోతే వాళ్ళు "ష్యూర్" అన్న కాలేజీయే వస్తుంది, వాళ్ళ జోస్యం నిజమైనట్టు కనపడుతుంది. మన అవసరం వేరు.

తర్వాతి ఫేజులకి ఇంకో జాగ్రత్త. చేతిలో ఉన్న సీటుకంటే మంచివే ఆప్షన్లలో పెట్టాలి, ఎందుకంటే స్లైడ్ అయితే పాతది పోతుంది. ఈ సంగతి వాళ్ళు బాగానే చెప్పారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ పెట్టి మరీ.

వాట్సాప్ గ్రూపు గురించి: నోటిఫికేషన్లు, తేదీలు వెంటనే పెడతారు, అందులో వంక లేదు. రాత్రి పదకొండింటికి అడిగినా జవాబు వస్తుంది. అడపాదడపా "కటాఫ్ పెరిగిపోతోంది, వెంటనే రండి" అని భయపెట్టే మెసేజీలు కూడా వస్తాయి, వాటిని మా ఆవిడ చదవకుండానే తీసేసేది.

రిజిస్ట్రేషన్ వాళ్ళ చేత చేయించుకునేటప్పుడు ఫోన్ నంబరు, మెయిలు మీవే పెట్టించండి. వాళ్ళ నంబరే వేస్తారు, ఓటీపీలకి సులువుగా ఉంటుందని చెప్తారు. ఆ నంబరు వాళ్ళదైతే ఆప్షన్లు మార్చాలన్నా, సీటు సంగతి చూడాలన్నా వాళ్ళ ముందు నిలబడాలి. మేము పట్టుబట్టి మా అమ్మాయి నంబరే వేయించాం. అందుకే వరస ఇంట్లో కూర్చుని మార్చుకోగలిగాం.

మూడో ఫేజులో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది, చేరింది. ఆఫీసు నుంచి ఫొటో పంపమని ఫోన్ వచ్చింది. పంపలేదు.

ఎవరు వెళ్ళొచ్చు అంటే, ఇంట్లో కంప్యూటరు పని తెలిసినవాళ్ళు లేనివాళ్ళు, సర్టిఫికెట్లలో తేడాలున్నవాళ్ళు, రెండు మూడు ఊళ్ళలో చదివిన పిల్లలున్నవాళ్ళు, చిన్న ప్యాకేజీ తీసుకుని కాగితాల గదికే నేరుగా వెళ్ళండి. పన్నెండు వేలు అందుకు ఎక్కువే, ఎనిమిది దాకా బేరమాడితే వస్తారని తర్వాత విన్నాను. సీటు వస్తుందా రాదా అని తెలుసుకోవడానికే అయితే వెళ్ళకండి, యూనివర్సిటీ జాబితాలూ, ఒక లాంగ్ నోట్‌బుక్కూ చాలు. బీడీఎస్ గానీ, రాజమండ్రి అల్లు రామలింగయ్య హోమియో కాలేజీ లాంటివి గానీ చూసుకునేవాళ్ళకి వీళ్ళ దగ్గర సమాచారం దాదాపు లేదు, అడిగితే విషయం జార్జియాకే తిరుగుతుంది.

కాగితాల పరిశీలనకి అయిదుకి అయిదు. మెసేజీలు, ఫోన్లకి మూడు. ఛాన్సులు చెప్పడానికి ఒకటి. మొత్తంమీద మూడు వేశాను. ఆదివారం వెళ్ళకండి, కూర్చోడానికి చోటుండదు, కాగితాలు చూసే ఆవిడకి ఆ రోజు సెలవు కూడా. ఆప్షన్ల చివరి రెండు రోజుల్లోనూ వద్దు. పదింటికి తీస్తారు, పదిన్నర లోపు వెళ్తే ఫైలు తీరిగ్గా చూస్తుంది. జిరాక్సులు బయట తీయించుకుని వెళ్ళండి, లోపల కాగితానికి అయిదు రూపాయలు. బిల్లు అడిగితేనే ఇస్తారు.